దండపాణి గారి మెరిసే కాగు

పింగళపురం రాజు విజయకేతుడికి ఒకరోజు పొద్దున్నే ఒక బుద్ధి పుట్టింది.

"పదేళ్ళ కిందట ఊరంతా గొట్టాలు వేయించి ఇంటింటికీ కుళాయి పెట్టించాం. మేం మాత్రం ఇంకా మా తోట బావి నీళ్ళే వాడుకుంటున్నాం. ఇదేం న్యాయం? రేపటినుంచి కోటలోనూ కుళాయి నీళ్ళే!" అని ప్రకటించాడు.

సభంతా చప్పట్లు కొట్టింది. జలాధికారి దండపాణి కూడా కొట్టాడు గాని, ఆయన చేతులు సరిగ్గా కలవలేదు. ఆ నీళ్ళ సంగతి ఆయనకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు?

ప్రతి సోమవారం దండపాణి వెండి గిన్నెలో కుళాయి నీళ్ళు పట్టి, నాలుగు తులసాకులు, రెండు ఏలకులు, చిటికెడు పచ్చకర్పూరం వేసి రాజుగారికి రుచి చూపించేవాడు. రాజు ఒక్క గుక్క తాగి "అమృతం!" అనేవాడు. లేఖకుడు "అమృతం" అని రాసుకునేవాడు. ఊళ్ళోవాళ్ళు ఈ నీళ్ళకు పప్పు ఉడకడం లేదు మొర్రో అని అర్జీలు పెట్టుకుంటే, ఆ రాత చూపించి వెనక్కి పంపేసేవారు. పదేళ్ళుగా ఇదే తంతు.

కోటకు కుళాయి నీళ్ళు వచ్చిన మూడోరోజు మధ్యాహ్నం, రాజుగారి కంచంలో ముద్దపప్పు ముద్ద కాలేదు. రాజు నెయ్యి వేశాడు, ఆవకాయ కలిపాడు. అయినా పంటికింద కటుక్కుమంది.

"పేరమ్మను సభకు పిలవండి!" అని గర్జించాడు చెంప పట్టుకుని.

పేరమ్మ ఇరవై ఏళ్ళుగా కోట వంటశాలకు పెద్ద. వెనకా ముందూ ఎవరూ లేరు, ఆ వంటిల్లే ఆమె ఇల్లు. నోరు మాత్రం కాస్త పదును.

"రెండు ఝాములు ఉడకేశాను ప్రభూ. కట్టెలు అయిపోయాయి గాని పప్పు మెత్తబడలేదు. లోపం నీళ్ళది. నీళ్ళు కాచే కాగు చూడండి, మూడు రోజులకే లోపల తెల్లగా గార కట్టింది."

దండపాణి ఎగిరిపడ్డాడు. "నా నీళ్ళకే వంకా! సాక్షాత్తూ ప్రభువులు అమృతమన్న నీళ్ళు! వయసు మీదపడి ఈవిడ వంట మరిచిపోయింది. గారకు కారణం ఒట్టి ఒళ్ళు బద్ధకం."

రాజు విసుక్కున్నాడు. "తప్పు నీళ్ళదో నీదో ఇప్పుడే, ఇక్కడే తేలాలి పేరమ్మా. నీళ్ళదని రుజువు చేస్తే నీకు బహుమానం. లేకపోతే సాయంత్రంలోగా మూట కట్టుకుని కోట దాటు."

కోట దాటితే ఎక్కడికి పోవాలో పేరమ్మకే తెలియదు. ఆ భయం మొహంలో కనపడనివ్వకుండా దండపాణి వైపు తిరిగి చేతులు జోడించింది.

"బాబుగారూ, మీ ఇంటికొచ్చేవీ ఈ నీళ్ళేనా?"

"మరేమిటి? ఊళ్ళో మొదటి కుళాయి మాదే!"

"అయ్యో, పాపం అమ్మగారు! పదేళ్ళుగా కాగులో గార గీకి గీకి చేతులు కాయలు కాసి ఉంటాయే."

దండపాణికి రోషం పొడుచుకొచ్చింది. "మా ఇంట్లో గీకుడేమిటి? కుళాయి వచ్చిన ఏడాదే కొన్న కాగు. ఇన్నేళ్ళలో లోపల చింతపండు పెట్టి తోమింది లేదు. ఇప్పటికీ అందులో మొహం చూసుకోవచ్చు. మంచి నీళ్ళకు గార ఎక్కడిది?"

"అంత చోద్యం ఒక్కసారి కళ్ళారా చూపించండి బాబూ. అలాగే మీ పక్కింటి కాగు, ఎదురింటి కాగు కూడా తెప్పిస్తే పక్కపక్కన పెట్టి చూసుకుంటాం."

దండపాణి ఉబ్బిపోయి, రాజు సైగ చేసేలోపే భటులను పంపేశాడు.

మూడు కాగులూ వచ్చాయి. పక్కింటి కాగులో వేలెడు మందాన గార. ఎదురింటిది మరీ ఘోరం, అందులో గార పోను చెంబెడు నీళ్ళకే చోటుంది. దండపాణి గారిది మాత్రం తళతళా మెరిసిపోతోంది. ఆయన మీసం దువ్వాడు.

"మూడిళ్ళకూ ఒకటే గొట్టం కదా బాబుగారూ?"

"ఒకటే!"

"మీది తోమింది లేదు కదా?"

"లేదంటున్నాను కదా!"

"మీకు చన్నీళ్ళు పడవు కదా?"

"చన్నీళ్ళు తగిలితే నాకు వారం రోజులు తుమ్ములే! అది సభంతా ఎరుగును."

పేరమ్మ రాజు వైపు తిరిగి తల వంచుకుంది.

"అయితే దీనికి ఒకటే అర్థం ప్రభూ. ఆ కాగులో ఇన్నేళ్ళుగా నీళ్ళు కాగలేదు. జలాధికారి గారు పదేళ్ళుగా స్నానం చెయ్యలేదు!"

పక్కన కూర్చున్న సేనాపతి ముక్కు మూసుకుని రెండడుగులు జరిగాడు. పురోహితుడు ఉత్తరీయం తగలకుండా దగ్గరికి లాక్కున్నాడు.

దండపాణి మొహం కందిపోయింది. "ఎవరు చెయ్యలేదు? రోజూ రెండు పూటలా వేణ్ణీళ్ళ స్నానం చేస్తాను! మడి కట్టుకోనిదే మెతుకు ముట్టను! పొద్దున్నే కొండ ఊట నుంచి నాలుగు కావిళ్ళ నీళ్ళు మా పెరట్లో దిగుతాయి, కావాలంటే..."

అంతలో తాను అన్నదేమిటో తెలిసొచ్చి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

సభ గొల్లున నవ్వింది. రాజు కిరీటం జారేదాకా నవ్వి, పదేళ్ళుగా "అమృతం" అన్నది తానేనని గుర్తొచ్చి కాస్త సిగ్గుపడ్డాడు. మెడలో హారం తీసి పేరమ్మకిచ్చాడు.

"గెలిచావు పేరమ్మా. రేపటినుంచి మళ్ళీ మా తోట బావి నీళ్ళతోనే వండు."

పేరమ్మ హారం కళ్ళకద్దుకుంది గాని అక్కడినుంచి కదలలేదు.

"వండుతాను ప్రభూ. కాని తమరి పప్పు మెత్తబడిందంటే, ఊరి పప్పు సంగతి తమరికి గుర్తుంటుందా?"

రాజు చెంప తడుముకున్నాడు. నవ్వొచ్చింది, పన్ను కూడా నొప్పెట్టింది.

"సరే! కొండ ఊట నీళ్ళు ఇంటింటికీ వచ్చేదాకా నాకూ ఇదే పప్పు వడ్డించు. గొట్టాలు పడేదాకా ఈ దండపాణి నా పక్కనే కూర్చుని తింటాడు. ఆయనకు రెండు గరిటెలు ఎక్కువ వెయ్యి!"