పిడతలో నాలుగు గింజలు

అనగనగా ఓ రాజుండేవాడు, ఆయనకి ముగ్గురు కొడుకులు. అందరిలోకీ చిన్నోడు చిత్రభానుడికి అన్నలంటే ప్రాణం.

ఏడు సముద్రాల అవతల ఓ మాంత్రికుడు చంద్రవంక అనే రాకుమారిని ఎత్తుకుపోయి దాచాడు. విడిపిస్తానని పెద్దన్న వెళ్ళాడు, రాలేదు. చిన్నన్న వెళ్ళాడు, రాలేదు. ఇద్దరూ రాళ్ళైపోయారని తెలిసి చిత్రభానుడు అన్నం ముట్టలేదు. నేనెళ్తానని బయల్దేరాడు.

దారిలో నీళ్ళలో కొట్టుకుపోతున్న చీమని ఆకు మీద ఎక్కించాడు. అది "నేనూ వస్తా నాయనా" అని అతని చెవి వెనక కూర్చుంది. ఓ ముసలి తాబేలు వీపెక్కి ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు.

మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంది. చిలక పంజరంలో ఉంది. పంజరం ముందు పెద్ద కుండ, నడిపి కుండ, చిన్న పిడత ఉన్నాయి, వాటిల్లో ఎర్రవీ నల్లవీ గింజలు. కళ్ళు మూసుకుని ఒక్కదాంట్లోంచి ఒక్క గింజ తియ్యాలి. ఎర్రదొస్తే చిలక నీది. నల్లదొస్తే నువ్వు రాయి, అన్నాడు మాంత్రికుడు. అడిగినదానికి అబద్ధం చెప్పకూడదని మాంత్రికుడి చేత వాళ్ళ గురువు ఒట్టేయించుకున్నాడు. అడగనిదానికి మాత్రం నోరిప్పక్కర్లేదు.

ఎర్రవి ఎన్నున్నాయని అడిగాడు చిత్రభానుడు. పెద్దదాంట్లో పది, నడిపిదాంట్లో అయిదు, పిడతలో మూడే అన్నాడు మాంత్రికుడు నవ్వుతూ. చిత్రభానుడి చెయ్యి పెద్ద కుండ మీదకి పోయింది.

చీమ చెవిలో గొణిగింది. "మీ అన్నలిద్దరూ ఈ కుండ పక్కనే రాళ్ళై నిలబడ్డారు, చూడు. మేం నూకల కుప్ప దగ్గరకి పోతే మట్టిబెడ్డలెన్నో కూడా చూసుకుంటాం నాయనా."

"నల్లవెన్ని?" అన్నాడు చిత్రభానుడు.

మాంత్రికుడి నవ్వు పోయింది. తొంభై, అయిదు, ఒకటి అని నసిగాడు.

చిత్రభానుడు వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. పెద్దదాంట్లో ఒక్కో ఎర్రదానికీ తొమ్మిదేసి నల్లవి. నడిపిదాంట్లో రెండూ సమానం, ఎటైనా పోవచ్చు. పిడతలో నాలుగింటికి మూడు ఎర్రవే.

"ఆ ఒక్క నల్లదే చేతికొస్తే?" అన్నాడు చీమతో.

"రావచ్చు. రాకపోవడానికే ఎక్కువ వీలుంది. భయపడుతూనే పెట్టు చెయ్యి."

పెట్టాడు. గింజలన్నీ వేళ్ళకి ఒకేలా తగిలాయి. ఒకటి తీసి కళ్ళు తెరిచాడు. ఎర్రది.

చిలకని చేతిలోకి తీసుకుంటే దాని గుండె టపటపా కొట్టుకుంటోంది. మెడ విరవబుద్ధి కాలేదు. అన్నల్ని మనుషుల్ని చేసి, రాకుమారిని వదిలేస్తే దీన్నీ వదిలేస్తానన్నాడు. మాంత్రికుడు సరేనని అన్నదంతా చేశాడు. చిలక తుర్రుమంది. ప్రాణం ఎటు పోతుందోనని మాంత్రికుడు దాని వెనకే పరిగెత్తాడు. ఇవాళ్టికీ పరిగెడుతూనే ఉన్నాడట.

ఇంటికొచ్చాక, ఇష్టమేనా అని అడిగి మరీ చంద్రవంకని పెళ్ళాడాడు చిత్రభానుడు. పెళ్ళి భోజనాల్లో బూరె కొరుకుతూ పెద్దన్న అడిగాడు.

"ఒరే, నల్లదే వచ్చుంటే ఏం చేసేవాడివిరా?"

"ఏముంది, మీ ఇద్దరి మధ్యా నిలబడేవాణ్ణి."

పెద్దన్న బూరె విస్తట్లో పెట్టేసి తమ్ముణ్ణి దగ్గరకి లాక్కున్నాడు. ఆ తర్వాత చిత్రభానుడూ చంద్రవంకా జుట్టు నెరిసేదాకా తండ్రి రాజ్యాన్ని ఏలారు, చెరో పక్కనా అన్నలున్నారు.