పేరమ్మగారి దగ్గర ఒక పూట

విస్సావధానిగారిని ప్రశ్న అడిగితే వెంటనే జవాబు వచ్చేది కాదు. అడిగినవాళ్ళని ముందు కూర్చోమనేవారు. ఇంట్లో ఎవరెవరున్నారో, ఏం వండుకున్నారో కనుక్కునేవారు. కోటిపల్లి రేవుకి దగ్గర్లో, తన ఇంటి అరుగు మీదే ఆయన పొద్దున పూట వేదాంతం చెప్పేవారు. పెద్ద పెద్ద సందేహాలతో వచ్చిన కొందరికి ఈ వంటల ఊసు చిరాకు తెప్పించేది. అలాంటివాళ్ళు రెండోసారి వచ్చేవారు కారు.

సీతారత్నం మాత్రం మానలేదు. ఆమెకి యాభై దాటాయి. భర్త పోయాడు. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతూ, తల్లి పేరమ్మగారిని తన దగ్గర ఉంచుకుని చూసుకుంటోంది. పేరమ్మగారికి కొంతకాలంగా మతిమరుపు వచ్చింది. అది రోజురోజుకీ పెరుగుతోంది.

ఒకనాడు పాఠంలో తల్లిదండ్రుల సేవ ప్రస్తావన వచ్చింది. ఆ సేవ చేసేవాళ్ళు వేరే ఆనందం కోసం వెతుక్కోనక్కర్లేదని పుస్తకంలో ఉన్న మాట విస్సావధానిగారు చదివి చెప్పారు. అందరూ తలలు ఊపి లేచి వెళ్ళిపోయారు. సీతారత్నం లేవలేదు.

"ఆ ఆనందం ఎక్కడుంటుందో కాస్త చెప్పండి గురువుగారూ. మా ఇంట్లో అయితే లేదు," అంది.

"నిన్న ఏం వండావమ్మా?"

"కాకరకాయ వేపుడు. మా అమ్మే అడిగింది. తీరా కంచంలో వేస్తే, ఈ చేదు ఎవరు తింటారు, నన్ను చంపాలని చూస్తున్నావా అంది. సరేనని పెరుగన్నం కలిపి పెట్టాను. తిని చెయ్యి కడుక్కుందో లేదో, కిటికీలోంచి పక్కింటావిడని పిలిచి, మా అమ్మాయి పొద్దుటినించీ పచ్చి మంచినీళ్ళయినా ఇవ్వలేదని చెప్పింది. ఆవిడ నా వంక చూసిన చూపు మీరు చూడాలి." సీతారత్నం గొంతు తగ్గించింది. "నాకు ఒళ్ళు తెలియలేదు. కంచం తీసి నేలకేసి కొట్టాను. అమ్మ గోడకి నక్కి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, కొట్టకండి అంది. నన్ను, గురువుగారూ, కన్నకూతుర్ని పట్టుకుని, మీరు అంది. నేనెవరో పరాయిదాన్ని అనుకుంది. ఇంకోరోజు నిజంగానే చెయ్యి చేసుకుంటానేమోనని నాకు భయంగా ఉంది."

విస్సావధానిగారు, నీకు బయట చేసుకోవలసిన పనులేమైనా మిగిలిపోయాయా అని అడిగారు. కుట్టిన బట్టలు రామచంద్రపురంలో ఇచ్చి రావాలనీ, తల్లిని ఒంటరిగా వదల్లేక ఆగిపోయాననీ ఆమె చెప్పింది.

"రేపు వెళ్ళిరా. నేను వచ్చి కూర్చుంటాను," అన్నారు.

మర్నాడు పొద్దున ఆయన వచ్చేసరికి పేరమ్మగారు స్నానం చేసి, చక్కగా తల దువ్వించుకుని, మంచం మీద కూర్చుని ఉంది. చూడడానికి ఏ బాధా లేని మనిషిలా ఉంది. సీతారత్నం మందులు ఎప్పుడెప్పుడు వెయ్యాలో చెప్పి బస్సెక్కింది. విస్సావధానిగారు కుర్చీ దగ్గరికి లాక్కుని, వెంట తెచ్చుకున్న పుస్తకం తెరిచారు. మంచి కథ ఒకటి చదివి వినిపిస్తే పెద్దావిడ మనసు కుదుటపడుతుందని ఆయన ఆలోచన.

అక్కడినించి జరిగింది తర్వాత ఆయనే ఒకరిద్దరికి చెప్పారు.

మొదటి వాక్యం పూర్తి కాకుండానే పేరమ్మగారు, ఎవరు బాబూ మీరు అని అడిగింది. ఆయన చెప్పారు. సంతోషించి, భోజనం చేశారా అని అడిగింది. ఇంకా లేదన్నారు. రెండో వాక్యం చదవబోతే, ఎవరు బాబూ మీరు అంది. ఆయన మళ్ళీ నిదానంగానే చెప్పారు. కిటికీ వెయ్యమంటే వేశారు. ఉక్కపోస్తోంది, ఎవరు వేశారిది అంటే తీశారు. మందు ఇస్తే, మీరు ముందు మింగండి, అప్పుడు చూద్దాం అంది. కథలో రాజు అడవికి బయల్దేరనే లేదు, ఆయనకి నోరు ఎండిపోయింది.

ఉక్కకి తట్టుకోలేక కళ్ళజోడు తీసి మంచం మీద పెట్టి, కండువాతో మొహం తుడుచుకున్నారు. మళ్ళీ చూసేసరికి కళ్ళజోడు పేరమ్మగారి మొహాన ఉంది.

"అవి నావమ్మా, ఇలా ఇవ్వండి," అన్నారు.

"మా ఆయన కొనిచ్చినవి," అంది ఆవిడ.

"మీ ఆయన కొనిచ్చినవి కావు. నేను కాకినాడలో కొనుక్కున్నవి."

"ఆయనా కాకినాడలోనే కొన్నారు."

బస్సు దిగి వచ్చిన సీతారత్నానికి వీధిలోకే గురువుగారి గొంతు వినబడింది. పాఠం చెప్పేటప్పుడు ఏనాడూ ఆయన గొంతు అంత లేవలేదు. కంగారుపడి చెప్పులు విడవకుండానే గుమ్మంలోకి వచ్చింది. విస్సావధానిగారు మొహం ఎర్రగా చేసుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని, మంచానికి అడ్డంగా నిలబడి ఉన్నారు. కళ్ళజోడు లేక సీతారత్నం ఏవైపునించి వచ్చిందో కూడా ఆయనకి సరిగ్గా ఆనలేదు. ఆయన జోడు ముక్కు చివరకి జారిపోతుండగా, పేరమ్మగారు మాత్రం ప్రశాంతంగా ఉంది. కూతుర్ని చూసి దగ్గరికి రమ్మని చెయ్యి ఊపి, ఆయన పక్కనే ఉన్న సంగతి మరిచిపోయి, రహస్యంలా చెప్పింది.

"ఈయనెవరో గాని రత్నం, పాపం పెద్ద కోపిష్ఠి. పెళ్ళాం ఎలా వేగుతోందో ఏమో."

సీతారత్నం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లాభం లేకపోయింది. గోడకి ఆనుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. కూతురు ఎందుకు నవ్వుతోందో తెలియకపోయినా, చూసి చూసి పేరమ్మగారు కూడా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ కూతురి చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టుకుంది. చెమటతో మొహానికి అంటుకున్న ఆమె జుట్టుని చెవి వెనక్కి తోసి, ఎండలో ఎక్కడికి పోయావే, మొహం అంతా వాడిపోయింది అంది. సీతారత్నం కాసేపు ఆ చెయ్యి కింద కదలకుండా కూర్చుంది.

గురువుగారు నిలబడే ఉన్నారు. ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత సీతారత్నం మెల్లగా తల్లి మొహం మీంచి కళ్ళజోడు తీసి, తుడిచి ఆయనకిచ్చి, గేటు దాకా సాగనంపింది. మీ మీద నవ్వినందుకు క్షమించమంది. ఆయన ఇంకా చిరాకుగానే ఉన్నారు.

"నిన్న నేను చెప్పిన మాట రాసినాయన ఎవరో గాని, తల్లిని మాత్రం ఆయన చూసుకుని ఉండడు. ఇంట్లో ఆడవాళ్ళకి వదిలేసి ఉంటాడు," అన్నారు.

"అయితే అది అబద్ధమేనా గురువుగారూ?"

ఆయన జోడు పెట్టుకుని, చెవుల దగ్గర సరిచేసుకుని, అప్పుడు ఆమె మొహంకేసి పరీక్షగా చూశారు.

"ఆ ఆనందం కోసం పొద్దుటినించీ వెతికాను, నాకు మాత్రం దొరకలేదు. గురువారం మళ్ళీ వస్తాను, నువ్వు బయటికి వెళ్ళు. వచ్చేటప్పుడు తిన్నగా ఆవిడ దగ్గరికి పోయి కూర్చో. నా గురించి ఏమంటుందో నువ్వే వినాలి."