తెర దగ్గర ఆగిన డిస్కు

నర్సీపట్నం బస్టాండు వెనక వీధిలో పెళ్ళి వీడియోలు తీసే కర్రి దేముడుబాబు గారికి ఒక అలవాటు ఉండేది. తన స్టూడియోలో తయారైన ఏ డిస్కునైనా మూడు ప్లేయర్లలో మొదటినుంచి చివరిదాకా ఆడించి చూడనిదే పెళ్ళివారి చేతికి ఇచ్చేవారు కాదు. ఆ మూడింటిలో ఒకటి కొత్తది, ఒకటి ఓ మోస్తరుది. మూడోదాన్ని రిపేరు షాపువాడు ఇక దీని పని అయిపోయిందని పక్కన పడేస్తే అడిగి తెచ్చుకున్నారు. దాని ట్రే సగం వచ్చి ఆగిపోయేది, తక్కిన సగం వేలితో లాగాలి. ఆయన కుర్చీ వేసుకుని టీవీకి ఎదురుగా కూర్చునేవారు. పాటలు వచ్చినా, భోజనాల బంతి వచ్చినా ముందుకి జరిపేవారు కాదు. తనకి ఏమీ కాని మనుషుల విస్తళ్ళలో వడ్డనలు కూడా ఓపికగా చూసేవారు.

నూకరత్నం ఆయన దగ్గర ఎడిటింగు నేర్చుకోవడానికి చేరి అప్పటికి రెండేళ్ళు. ముప్పై దాటిన మనిషి. పనిమంతురాలు, మాట తక్కువ. ఆ ఏడు మాఘమాసంలో ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తొమ్మిది పెళ్ళిళ్ళ డిస్కులు బల్ల మీద వరసగా ఉన్నాయి. అందులో ఒక పెళ్ళికొడుకు సైన్యంలో పనిచేస్తున్నాడు. సెలవు అయిపోయి ఆ సాయంత్రమే రైలెక్కాలి. వాళ్ళ నాన్న పొద్దున్నుంచి రెండుసార్లు వచ్చి వెళ్ళి, మూడోసారి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన్ని చూసి నూకరత్నం ఉండబట్టలేక అడిగింది.

"మాస్టారూ, రాసిన డిస్కుని కంప్యూటరే మళ్ళీ చదివి, అంతా సరిగ్గా ఉందని చెబుతోంది. దానికి కనపడని తప్పు మన కళ్ళకి కనపడుతుందా? ఆ పాత ప్లేయరులో ఆడకపోతే తప్పు ప్లేయరుదే గాని మనది కాదు కదా. పెద్దాయన్ని అలా కూర్చోబెట్టడం ఎందుకండీ?"

దేముడుబాబు గారు ఆడుతున్న డిస్కుని ఆపలేదు. "ఆయనకి ముందు టీ పంపించు," అన్నారు. ఆమె పంపించి వచ్చి నిలబడ్డాక, టీవీ మీదనుంచి చూపు తిప్పకుండానే, తాను కొత్తగా స్టూడియో పెట్టిన రోజుల్లో జరిగిన సంగతి ఒకటి చెప్పారు.

అవి క్యాసెట్లు పోయి డిస్కులు వస్తున్న రోజులు. చుట్టుపక్కల ఎవరూ చెయ్యని పని ఒకటి అప్పట్లో ఆయన చేసేవారు. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకుల ఫోటో, పేర్లు, కింద తన స్టూడియో పేరు రంగుల్లో అచ్చువేయించి, గుండ్రటి స్టిక్కరుగా కత్తిరించి డిస్కు మీద అంటించేవారు. చూసినవాళ్ళందరూ మెచ్చుకునేవారు. డిస్కులో ఏముందో చూడకముందే మెచ్చుకునేవారు. ఆ మెప్పు ఆయనకి బాగా రుచించింది.

అలాంటి రోజుల్లో కొండల వైపు లింగాలపాడు అనే ఊరి పెళ్ళి ఒకటి వచ్చింది. పెళ్ళికూతురు ఈశ్వరి. తండ్రి లేడు, తల్లి సన్యాసమ్మకి ఆమె ఒక్కతే కూతురు. వాళ్ళలో పెళ్ళి మగపెళ్ళివారి ఊళ్ళో చెయ్యడం ఆచారం. సన్యాసమ్మకి మూత్రపిండాలు చెడి, కాళ్ళు వాచిపోయి, మంచం దిగలేని స్థితి. పెళ్ళి వాయిదా వేద్దామని కాబోయే అల్లుడు గోవిందే అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. "ముహూర్తం తప్పించొద్దు. వీడియో తీయించండి, నేను మంచం మీదనుంచే చూస్తాను," అంది. పిన్ని, బాబాయి పీటల మీద కూర్చుని కన్యాదానం చేశారు. ఆ ఇంటి ఒక్కగానొక్క పెళ్ళిని కన్నతల్లి చూడలేదు.

పెళ్ళయిన పన్నెండో రోజున దేముడుబాబు పెళ్ళిని రెండు భాగాలుగా, రెండు డిస్కులు చేసి ఇచ్చారు. కొత్త దంపతులు వాటిని తీసుకుని లింగాలపాడు వెళ్ళారు. మర్నాడు గోవింద ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేశాడు. మొదటి డిస్కు బాగానే ఆడిందట. రెండోది జీలకర్ర, బెల్లం దాకా వచ్చి, ఇద్దరి మధ్యా తెర తియ్యబోతుండగా ఆగిపోయిందట. ఎన్నిసార్లు పెట్టినా అక్కడే.

"మీ ప్లేయరు పాతదై ఉంటుంది. ఎవరిదైనా అడిగి చూడండి," అన్నారు దేముడుబాబు.

పక్కవీధి వాళ్ళ ప్లేయరు తెచ్చి చూశారు. అందులోనూ తెర దగ్గరే ఆగింది. గోవింద డిస్కు పట్టుకుని రెండు బస్సులు మారి నర్సీపట్నం వచ్చాడు. దేముడుబాబు దాన్ని కంప్యూటరులో పెట్టారు. తెర తొలగింది, తాళి కట్టడం, తలంబ్రాలు, అప్పగింతలు అన్నీ వచ్చాయి. "చూశారుగా, డిస్కులో ఏ లోపమూ లేదు," అన్నారు. గోవింద కూడా చూశాడు కాబట్టి కాదనలేకపోయాడు. డిస్కు తీసుకుని వెళ్ళిపోయాడు. రెండు రోజులకి మళ్ళీ ఫోను. ఈసారి దేముడుబాబు ఇంకో కాపీ రాసి, అలాంటి స్టిక్కరే అంటించి, ఆ ఊరి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపారు. అది తెర దాకా కూడా రాలేదు.

అలా పదిరోజులు గడిచాయి. ఫోను చేసిన ప్రతిసారీ గోవింద గొంతు మెత్తగానే ఉండేది. ఒక్కసారీ కోప్పడలేదు. పదకొండో రోజున మాత్రం ఫోను రాలేదు. ఎందుకో దేముడుబాబుకి ఆ రోజు పని మీద మనసు నిలవలేదు. షాపు మూసి, బస్సెక్కి లింగాలపాడు వెళ్ళారు.

సన్యాసమ్మ మంచం టీవీకి ఎదురుగా వేసి ఉంది. ఒళ్ళంతా నీరు పట్టింది, మాట సన్నబడింది. ఈశ్వరి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. డిస్కు పెట్టారు. దేముడుబాబు కళ్ళ ముందే పెళ్ళి తెర దాకా వచ్చి ఆగింది. తెర మీద పసుపుతో వేసిన స్వస్తిక్ గుర్తు టీవీలో కదలకుండా నిలబడిపోయింది. దాని వెనకే పెళ్ళికూతురు ఉంది. సన్యాసమ్మ ఇన్నాళ్ళూ చూసింది ఆ గుడ్డనే అని ఆయనకి అప్పుడు అర్థమైంది.

డిస్కు బయటికి తీస్తే వేడిగా ఉంది. ఆ వేడికి స్టిక్కరు అంచు ఒక పక్క లేచి ఉంది. ఆ అతుకు బరువుకి డిస్కు సమంగా తిరగడం లేదు. డిస్కుని మధ్యనుంచి అంచువైపు చదువుకుంటూ పోయే ప్లేయరుకి లోపలి వరసల్లో అది తెలియలేదు గాని, అంచుకి దగ్గరయ్యేసరికి చదవలేక ఆగిపోతోంది. మొదటి డిస్కు అంచుదాకా నిండలేదు కాబట్టి ఆడింది, కంప్యూటరు గట్టిది కాబట్టి రెండోదాన్నీ చదివేసింది. తప్పు ప్లేయరులో లేదు. ఆయన ముచ్చటపడి అంటించిన రంగుల కాగితంలో ఉంది. ఆ కాగితం మీద ఆయన పేరు కూడా ఉంది.

ఆయన ఏదో చెప్పబోతే సన్యాసమ్మ ముందుగా మాట్లాడింది. ఎత్తిపొడుపు లేదు, ఉన్న సంగతి చెప్పినట్టుగానే అంది.

"మీ కొట్లో ఆడతాదంట గదా బాబూ. నాను మంచం దిగి అక్కడికి రానేను."

దేముడుబాబు ఆ పూటే వెనక్కి వచ్చారు. పెళ్ళిని మూడు డిస్కులకి సర్ది, ఏ డిస్కూ అంచుదాకా నిండకుండా, నెమ్మదిగా రాశారు. స్టిక్కరు వెయ్యలేదు. రిపేరు షాపుకి వెళ్ళి, ఉన్నవాటిలోకెల్లా పాడైన ప్లేయరు అడిగి తెచ్చుకుని, మూడింటినీ అందులో చివరిదాకా చూశారు. మర్నాడు మధ్యాహ్నానికి లింగాలపాడు చేరారు.

ఆ తెల్లవారుజామునే సన్యాసమ్మకి తెలివి తప్పింది. ఊపిరి ఆడుతోంది, కళ్ళు మూసుకునే ఉన్నాయి. దేముడుబాబు గుమ్మంలోనే ఆగిపోయారు. ఈశ్వరి లేచి వచ్చి ఆయన చేతిలోంచి డిస్కులు తీసుకుంది. టీవీ సౌండు పెంచి, తల్లి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుంది. పెళ్ళంతా ఆడింది. తెర తొలగింది. తెర తొలగగానే పెళ్ళికూతురు పెళ్ళికొడుకుని చూడకుండా తల తిప్పి తిన్నగా కెమెరాలోకి చూసింది. ఆ క్షణం ఆయనకి గుర్తుంది. "ఇటు కాదమ్మా, అబ్బాయి వైపు చూడు," అని మండపంలో తానే అన్నారు. తన గొంతు టీవీలోంచి వినపడింది. ఆమె ఎవరిని చూడటానికి అటు చూసిందో మండపంలో ఆయనకి తెలియలేదు.

తాళి కట్టేటప్పుడు మేళం జోరుగా మోగింది. ఈశ్వరి వంగి తల్లి చెవిలో ఒక్కొక్కటే చెబుతూ వచ్చింది. "ఇప్పుడు తాళి కడుతున్నారమ్మా. ఇదిగో, పిన్ని ఏడుస్తోంది. ఇవి తలంబ్రాలు." అప్పగింతల దాకా అలాగే చెప్పింది. ఎక్కడా ఆగలేదు. అంతా అయ్యాక గోవింద దేముడుబాబుని బస్సు దాకా సాగనంపాడు. "శ్రమపడి వచ్చారు, చాలా సంతోషం," అన్నాడు. ఆ మాట మోసుకుని ఆయన ఇంటికి వచ్చారు. మూడోనాడు సన్యాసమ్మ పోయిందని కబురు తెలిసింది.

దేముడుబాబు గారు చెప్పడం ఆపారు. టీవీలో సైనికుడి పెళ్ళి తాలూకు భోజనాలు ఇంకా సాగుతున్నాయి. నూకరత్నం మెల్లిగా అడిగింది.

"ఆవిడకి వినపడిందంటారా మాస్టారూ?"

"మొదటి ఫోనుకే నేను వెళ్ళి ఉంటే," అన్నారాయన, "అది అడగవలసిన ప్రశ్న అయ్యేది కాదమ్మా."