పరాకయ్య పాతిన గింజలు

సూదులకొండ పేరు మీరు విని ఉండరు. ఇప్పుడు విన్నా లాభం లేదు లెండి, అక్కడ చూడ్డానికేమీ మిగల్లేదు. ఒకప్పుడు మాత్రం కొండ నిండా పైన్ చెట్లే. ఆకులన్నీ సూదులు, కాయలు చెక్కతో చేసినంత గట్టివి, కాయ పొరల్లో గింజలు. ఆ గింజలు తినని నోరు కొండమీద లేదు. గువ్వలు ఏరుకునేవి, చీమలు మోసుకుపోయేవి, ఎలుకలు కొరికేవి. అయినా ఏటా వానలకి మొక్కలు లేస్తూనే ఉండేవి. ఎలా లేస్తున్నాయో ఎవరూ అడగలేదు. కడుపు నిండినవాళ్ళకి అలాంటివి ఎందుకు తోస్తాయి?

ఆ కొండమీద చారలమ్మ అనే ఉడుత ఉండేది. మొగుడి పేరు పరాకయ్య. పేరుకి తగ్గ ఘటం. పొద్దున గింజ పాతితే మధ్యాహ్నానికి ఎక్కడ పాతాడో తెలీదు.

"ఏమే, ఎర్రబండ పక్కన రెండు గింజలు పెట్టాను. నువ్వైనా గుర్తుపెట్టుకో," అనేవాడు.

"నీకు తోక ఉందన్న సంగతైనా గుర్తుందా?" అని దెప్పేది చారలమ్మ.

"అది వెనకే వస్తుంది కదే, గుర్తెందుకు?"

చారలమ్మ జ్ఞాపకం అంటే జ్ఞాపకమే. మొగుడు చెప్పిన చోటు ఒక్కటీ మరిచేది కాదు. అందుకు కాస్త గర్వం కూడా ఉండేది, ఉండదూ మరి!

ఉడుతలకో కట్టుబాటు ఉంది. గింజలు ఒక్కచోట కుప్ప పొయ్యకూడదు, చోటుకి ఒకటో రెండో పాతాలి. ఎవరైనా కన్నుమూస్తే వాళ్ళు పాతినవి ఇంకెవరూ తవ్వకూడదు. అవి కొండవి. ఎందుకలా అంటే "పెద్దలు పెట్టారు" అనేవి, అంతే.

ఒక ఏడు ఎండాకాలంలో కార్చిచ్చు వచ్చింది. చెట్లు నిలువునా కాలిపోయాయి. చారలమ్మ బండల సందులో దూరి బతికింది. పరాకయ్య కూడా వచ్చినవాడే, "అయ్యో, ఒకటి మరిచిపోయానే" అంటూ వెనక్కి పరిగెత్తాడు. మళ్ళీ రాలేదు. ఏం మరిచిపోయాడో తెలీక చారలమ్మ ఎంత ఏడ్చిందో.

మంటలారాక కొండంతా బూడిద. సెగకి విచ్చుకున్న కాయల్లోంచి గింజలు ఆ బూడిద మీద రాలాయి. తెల్లారేసరికి గువ్వలు దిగి ఒక్కటి మిగల్చకుండా ఏరుకున్నాయి. మిగతా ఉడుతలు ఎవరి గింజలు వాళ్ళు తవ్వుకుని పక్క కొండకి వలసపోయాయి. ఇక మట్టిలో మిగిలినవి పరాకయ్య పాతిన గింజలే.

కొమ్మయ్య అని ఒక ముసలి దుప్పి ఉండేవాడు. కొండకి పెద్ద. ఆయన చారలమ్మ దగ్గరికొచ్చి అన్నాడు, "అమ్మీ, ఈ కొండ మళ్ళీ పచ్చబడాలంటే నీ మొగుడి గింజలే దిక్కు. ఆకలేసినా తవ్వకు. వాన పడనీ."

"తవ్వుతానా తాతా! ఆయన గుర్తు నాకింకేం మిగిలింది?" అంది చారలమ్మ. అన్నట్టే ఎండుచెక్కలు, పురుగులు తిని ప్రాణం నిలబెట్టుకుంది.

ఇక గాదెయ్య సంగతి. గాదెయ్య పందికొక్కు. గింజ ఎంత లోతున ఉన్నా వాసన పట్టేస్తాడు. కానీ ఈసారి ఎక్కడ తవ్వినా ముక్కు నిండా బూడిద, ఎటు మూతి పెట్టినా పొగ కంపు. కొండ సగం తిరిగి తుమ్మి తుమ్మి విసిగిపోయాడు. అప్పుడు కళ్ళు తుడుచుకుంటూ చారలమ్మ దగ్గరికొచ్చాడు.

"చెల్లెమ్మా, బావ పోయాడని విని కాళ్ళూ చేతులూ ఆడలేదు."

"రా అన్నయ్యా," అంది చారలమ్మ. అంతవరకూ పలకరించడానికి వచ్చినవాళ్ళే లేరు పాపం.

"నేనో మాట విన్నాను. చెప్పాలా వద్దా అని నలిగిపోతున్నాను. వానకి బూడిద కొట్టుకుపోగానే ఊళ్ళ మీది ఎలుకలన్నీ కొండెక్కుతాయట. ఎక్కడ పాతినా వాసనకి దొరికిపోతాయట. బావ గింజలు ఒక్కటీ మిగలవు."

చారలమ్మ కొండకేసి చూసింది. "మరేం చెయ్యను? కొండంతా నేనొక్కదాన్నే కాపలా కాయగలనా?"

"అదే నా బాధ కూడా. అన్నీ ఒక్కచోట ఉంటే కాయొచ్చు. నా బొరియ అడుగున రాతి గది ఉంది. చీమ కూడా దూరదు. వాన బాగా పట్టాక, ఇద్దరం కలిసి మళ్ళీ చోటుకొకటి పాతుదాం. రాములవారు నిమిరిన వీపు నీది, నీకు ద్రోహం చేసి నేనెక్కడికి పోతాను?"

"కానీ పోయినవాళ్ళవి తవ్వకూడదు కదా?"

"తినడానికి తవ్వకూడదమ్మా. దాచడానికి తవ్వితే తప్పేముంది? నువ్వే చెప్పు."

ఆ మాటే ఆమెని పడగొట్టింది. దాచడానికే కదా అనుకుంది. ఎర్రబండ పక్క నుంచి మొదలుపెట్టింది. పరాకయ్య చెప్పిన చోటల్లా కళ్ళముందు కనిపిస్తూనే ఉంది. తవ్వుతుంటే ఆయన గొంతు వినిపించినట్టుండేది, కళ్ళు తుడుచుకుని మళ్ళీ తవ్వేది. బుగ్గల్లో కుక్కుకుని మోసింది. ఆకలితో కడుపు లోపలికి పోయినా ఒక్క గింజ నమల్లేదు.

కొమ్మయ్య చూసి ఆపబోయాడు. "ఏమిటిది పిల్లా? దొంగ చేతికి తాళాలిస్తున్నావా?"

"నీకేం తెలుసు తాతా! ఉన్నచోట ఉంటే ఎలుకల పాలవుతాయి."

"పోతే కొన్ని పోతాయి. కొన్ని ఎవరికీ దొరకవు. ఆ దొరకనివే ఈ కొండ!"

చారలమ్మకి ఆ మాట ఎక్కలేదు. ఎలా ఎక్కుతుంది? ఆమె మరిచిన గింజంటూ జన్మలో లేదు.

తొలకరి పడింది. రెండు వానలకి నేల మెత్తబడింది. చారలమ్మ ఎగురుకుంటూ బొరియ దగ్గరికి పోయింది. "అన్నయ్యా, బయటికి తీద్దాం రా!"

గాదెయ్య బయటికి రావడానికి కాస్త కష్టపడ్డాడు, ద్వారం పట్టలేదు మరి. లోపలికి తొంగిచూస్తే పొట్టు. రాతి గది నిండా పొట్టు.

"గింజలేవీ?"

"చెమ్మ తగిలి మెత్తబడుతున్నాయమ్మా. పాడైపోతాయేమోనని..."

"పాడవడమేమిటి, మొలవాలనే కదా దాచాం!"

గాదెయ్యకి నటించే ఓపిక కూడా అయిపోయింది. "గాదె కింద పందికొక్కుని పెట్టి, గింజలేవీ అని అడిగేదాన్ని నిన్నే చూశాను. ఎలుకలొస్తే నాలుగు దొరికేవి, నాలుగు మిగిలేవి. అన్నీ ఏరి తెచ్చి నా నోటిముందు పోసింది ఎవరు? నేను అంత వెతికినా ఒక్కటి దొరకలేదు తెలుసా?"

చారలమ్మ అక్కడే కూలబడింది. వాడు చెప్పింది నిజం.

ఆ వానాకాలం పచ్చటి మొలక ఒక్కటీ లేవలేదు. పట్టుకునే వేళ్ళు లేక మట్టి వాగులో కలిసి కిందికి పోయింది. బండలు బయటపడ్డాయి. గాదెయ్య బొరియ కూడా బురదతో పూడిపోయింది, వాడూ ఎటో పోయాడు.

కొమ్మయ్య కొండ దిగుతూ ఆగాడు. "వస్తానమ్మా. నీడ లేనిచోట ముసలివాణ్ణి ఏం చెయ్యను?"

"నన్ను నాలుగు తిట్టి పో తాతా."

"దేనికి తిట్టను? నువ్వు కాపాడబోయావు. తినబోయినా ఇన్ని తినగలిగేదానివి కాదు." అని తలొంచుకుని వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు వానలకి, కొండ మీద చారలమ్మ ఒక్కతే మిగిలింది. ఒకరోజు తను బతికిన ఆ బండల సందు వెనక, ఎప్పుడూ చూడని మూల, పచ్చగా ఏదో కనిపించింది. నాలుగు సూదులు, నెత్తిన ఇంకా ఊడని గింజ పొట్టు. పరాకయ్య ఆమెకి చెప్పని చోటు. చెప్పడం మరిచిపోయిన చోటు.

"దీనికోసమా వెనక్కి పోయావు?" అంది. ఏడుపు ఆగలేదు.

వెనక అడుగుల చప్పుడైంది. గాదెయ్య. ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాడు. గింజలన్నీ ఒక్క ఏడే తినేస్తే మరి రెండో ఏడు ఏముంటుంది?

"చెల్లెమ్మా, చచ్చిపోయేలా ఉన్నాను. బావ ఇంకెక్కడైనా పాతాడేమో చెప్పు. నీకన్నీ గుర్తుంటాయి కదా."

చారలమ్మ తోక పరిచి మొలక మీద కప్పింది. కదలకుండా కూర్చుంది.

"ఒకప్పుడు ఉండేవి అన్నయ్యా. ఇప్పుడేదీ గుర్తుండట్లేదు."

గాదెయ్య కాసేపు గాలి వాసన చూసి, కాళ్ళీడ్చుకుంటూ కొండ దిగిపోయాడు. చారలమ్మ తోక తియ్యలేదు. ఆ మొక్క కాయ కాసేనాటికి తను ఉండదని ఆమెకి తెలుసు. ఒక్క చెట్టు కొండ కాదని కూడా తెలుసు.

గుర్తున్న గింజ పొట్టకి, మరిచిన గింజ కొండకి.