కందిరీగలను పిలిచిన చిక్కుడు తీగ

“ఈసారి ఉరుసు విందుకి కూరంతా నా పందిళ్ల చిక్కుడుకాయలే. ఎవరూ చెయ్యి పెట్టొద్దు!” అని జిలానీ తోటి శిష్యులందరి ముందూ అనేశాడు. గురువు లతీఫ్ బాబా గడ్డం నిమురుకుని నవ్వాడు.

పెన్న ఒడ్డున, దర్గా వెనక తోటలో చిక్కుడు విరగబూసింది. పూత వెంటే పురుగూ వచ్చింది. పచ్చపురుగులు ఆకుల్ని జల్లెడ చేసేస్తున్నాయి. ఆకు పోతే తీగ పోతుంది, తీగ పోతే ఉరుసుకి కూర లేదు. జిలానీ తిండి కూడా మరిచి ఒక్కో పురుగునే ఏరి కుండలో వేస్తున్నాడు. ఈ కొస ఏరేసరికి ఆ కొసన మళ్లీ మొదలు.

వంట చూసే ఖాజా మామూ గోడ మీంచి తొంగిచూశాడు.

“ఏం జిలానీ, ఉరుసుకి చిక్కుడుకాయ కూరా, పురుగుల వేపుడా?”

గోడ అవతల అందరూ గొల్లుమన్నారు.

“మసాలా నూరి పెట్టు మామూ, కాయలు నేను తెస్తా!” అని గొంతు పెంచాడే గానీ, జిలానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. రమ్మంటే వాళ్లు రారా? పరుగున వస్తారు. ఆ రమ్మనడానికే నోరు రావడం లేదు.

అంతలో పందిరి మీదికి కందిరీగలు దిగాయి. పురుగులు చాలవన్నట్టు ఇవొకటా అని తువ్వాలు తీసి విసరబోయాడు. వెనక నుంచి ఎవరో తువ్వాలు కొస పట్టుకున్నారు. చూస్తే బాబా.

“కుట్టిందా?”

“లేదు బాబా. కుడుతుందేమోనని.”

“నీతో దానికేం పని? చూడు.”

కందిరీగ ఆకు అడుగున దూరింది. తనంత లావు పురుగుని కరుచుకుని, మోయలేక మోయలేక, కల్లు తాగినవాడిలా తూలుతూ ఎగిరిపోయింది. జిలానీకి నవ్వు ఆగలేదు.

బాబా అతణ్ణి పురుగు పట్టని పాదు దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ ఒక్క కందిరీగా లేదు. మళ్లీ వెనక్కి తెచ్చి, చిల్లులు పడ్డ ఆకుని అతని ముక్కు దగ్గరికి వంచాడు. పచ్చి వాసన గుప్పుమంది.

“ఆ పాదుకి ఈ వాసన లేదు బాబా!”

“దాన్నెవరూ కొరకలేదుగా.”

“అంటే... కొరికితేనే వస్తుందా? ఈ వాసన పట్టుకునేనా ఇవి వస్తున్నాయి?”

“పారిపోదామంటే తీగకి కాళ్లు లేవు. దులుపుకుందామంటే చేతుల్లేవు. పాపం, పిలవక ఇంకేం చేస్తుంది బేటా?”

ఇంకో రెండు కందిరీగలు వచ్చి వాలాయి. తీగ తలవంచుకున్నట్టేమీ లేదు. ఊదారంగు పూలతో నిండుగా ఉంది.

జిలానీ గోడ వైపు చూశాడు. “రండయ్యా...” అని గొణిగాడు. అది పక్కనున్న చిక్కుడాకుకి కూడా వినబడి ఉండదు.

బాబా వినబడలేదన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

జిలానీ గుండెల నిండా గాలి పీల్చాడు.

“ఖాజా మామూ! అందరూ రండి! నా ఒక్కడి వల్ల కావట్లేదు!”

తోట అదిరింది. పందిరి మీది పిచ్చుకలు జివ్వున లేచాయి. గోడ అవతల రోకలి చప్పుడు ఆగి, చెప్పుల చప్పుడు మొదలైంది.

వాళ్లింకా గోడ దాటకముందే, పక్కనే ఉన్న బాబా లుంగీ పైకి ఎగ్గట్టాడు.

“ఇదిగో, వచ్చేశా. నన్ను ఏ పాదు చూడమంటావు?”