కూయని కణుజు, లేవని బాతు

ఉసిరికొండ కింద రెల్లుమడుగు ఉంది. కొండ మీద కణుజులనే పెద్ద దుప్పులు, మడుగులో అడవి బాతులు. మడుగుకు వెళ్లే దారి కొండ పక్క నుంచి, కొండకెక్కే దారి మడుగు గట్టు మీద నుంచి. అందుకే వాటి మధ్య ఒక ఒప్పందం ఉండేది. వేటగాళ్లు కొండ పక్కన కనపడితే కణుజు గొంతెత్తి కూసేది, బాతులు ఎగిరిపోయేవి. గట్టు మీద కనపడితే బాతులు గోలగా లేచేవి, కణుజులు లోయలోకి పారిపోయేవి.

ఈ ఒప్పందం వల్ల పస్తులున్నది నక్క ఒక్కటే. వేటగాళ్లు ఏదో ఒకటి కొడితేనే కదా దానికి పేగో బొమికో దక్కేది!

చలికాలం వచ్చింది. నక్క కొండెక్కింది.

"కణుజత్తా, ఊళ్లోకి వేటగాళ్ల జీపులొచ్చాయి. ఈసారి కొండకా, మడుగుకా అని తెగ వాదించుకున్నారు."

"ఏం తేల్చారు?" అంది కణుజు. దాని కాళ్ల సందున పాలు మరవని పిల్ల ఉంది.

"మడుగుకేనంట. రేపు నువ్వు మాత్రం కూయకు. బాతులెగిరిపోతే వాళ్లు ఉత్త చేతులతో పోతారా? నీ మీద పడతారు."

"మరి బాతులో?"

"వాటికి రెక్కలున్నాయత్తా. నీ పిల్లకున్నాయా?"

కణుజు వంగి పిల్లను నాకింది. నక్కకు అది చాలు.

అట్నుంచి అటే మడుగుకు దిగింది. "పెద్దమ్మా, కొండకే తేల్చారు. రేపు మీరు రెల్లులో నోరు మూసుకుని కూచోండి. లేచారంటే తుపాకులు ఇటు తిరుగుతాయి."

"కణుజుకు మాటిచ్చామయ్యా," అంది ముసలి బాతు.

"అది నీకు చుట్టమా? నీ వెంట నలభై ప్రాణాలున్నాయి."

ముసలిది తన గుంపు వైపు చూసింది. "ఒక్క రోజే కదా," అని గొణిగింది.

నిజానికి వేటగాళ్లు ఏదీ తేల్చుకోలేదు. సగం మంది మడుగుకు, సగం మంది కొండకు బయల్దేరారు.

తెల్లారింది. కొండ పక్కన తుపాకులు పోతుంటే కణుజు చూసింది. కూయబోయి పిల్లను చూసి ఆగిపోయింది. అదే సమయంలో గట్టు మీద తుపాకులు పోతుంటే ముసలి బాతు చూసింది, తల రెక్కలో దాచుకుంది.

రెండు చోట్లా ఒకేసారి పేలాయి.

మధ్యాహ్నానికి నక్క కడుపు నిండి, లేవలేక పడుకుంది. కణుజు కుంటుకుంటూ మడుగుకు వచ్చింది. వెంట పిల్ల లేదు. రెల్లులో రెక్క విరిగిన ముసలి బాతు ఒక్కటే మిగిలింది.

"నువ్వెందుకు లేవలేదు?" అంది కణుజు.

"నువ్వెందుకు కూయలేదు?" అంది బాతు.

రెండింటికీ జవాబు తెలుసు. అప్పుడు కణుజు తలెత్తి, కొండంతా వినపడేలా కూసింది. మడుగులోంచి ఒక్క బాతూ లేవలేదు.

నీతి: పక్కవాడికి వచ్చే ఆపదను చూసీ నోరు మూసుకుంటే, మన ఆపదను చెప్పే నోరు కూడా ఉండదు.