వెనక దున్న

ఘాట్ రోడ్డు మొదట్లో, లారీలు ఆగి ఇంజను చల్లార్చుకునే చోట, జంతువుల బండి ఒకటి ఉండేది. దానికి రెండు దున్నల్ని ఒకదాని వెనక ఒకటి కట్టేవారు. ముందు కుర్ర పోతురాజు, వెనక ముసలి సింహాద్రి. వానాకాలంలో కొండమీది మేకలకు మేత చేరేది ఆ బండిలోనే. పెత్తనం మాత్రం గవర్రాజు అనే నక్కది. బండి లాగడం తప్ప అన్నీ తనే చేస్తున్నానని చెప్పుకునేవాడు.

ఒకరోజు అతను దూసుకుపోతున్న లారీని చూపించాడు.

"చూశారా? అన్ని చక్రాలున్నా ఇంజను తిప్పేది ఒక్క ఇరుసునే. మిగతావి ఊరికే దొర్లుతాయి. మరి మనకి ఇద్దరెందుకు?"

"వెనకొచ్చే టిప్పరుకి రెండు ఇరుసులూ తిరుగుతాయి కదా బాబూ," అన్నాడు సింహాద్రి.

"అందుకే అలా ఈడుస్తోంది! డీజిలూ ఎక్కువే తాగుద్ది. నీ గడ్డి ఖర్చులాగే మావా!"

అసలు నక్క కన్ను సింహాద్రి పడుకునే పాకమీద ఉంది. వెంటనే పరీక్ష పెట్టాడు, అదీ ఎండలో, తారు రోడ్డుమీద. పోతురాజు ఒక్కడే బండిని పరుగెత్తించాడు. ఇద్దర్నీ కడితే మలుపు తిరగడానికే ఆలస్యమైంది.

"నిజమే," అని ఒప్పుకున్నాడు సింహాద్రి. "ఈ రోడ్డుమీద నేను దండగే."

పోతురాజు వచ్చి సింహాద్రిని ఆనుకుని నిలబడ్డాడు. తల్లి పోయిన దూడగా ఉన్నప్పుడు తనని పక్కలో పడుకోబెట్టుకుని పెంచింది సింహాద్రే.

"నువ్వు లేకపోతే నేనూ ఎళ్ళను పెదనాన్నా."

"ఎళ్ళు నాయనా. పైన మేకలు ఆకలితో ఉంటాయి."

మర్నాడు వాన పట్టుకుంది. గవర్రాజు మేతమీద ఎక్కి కూర్చున్నాడు. సగం కొండ ఎక్కేసరికి రోడ్డంతా ఎర్రమట్టి కొట్టుకొచ్చి ఉంది. నిన్నటి లారీయే మళ్ళీ వచ్చి అక్కడ చిక్కుకుపోయింది. తిరిగే ఒక్క ఇరుసూ బురదలో పడి, చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నాయి. దాని వెనకొచ్చిన టిప్పరుకి ఒక ఇరుసు జారితే రెండోది పట్టు దొరకబుచ్చుకుంది. అది మెల్లగా పైకి పోయింది.

పోతురాజు గిట్టలు జారాయి. బండి లోయవైపు వెనక్కి దొర్లింది.

"చచ్చాన్రోయ్!" అని అరిచాడు గవర్రాజు.

బండి టక్కున ఆగింది. వెనకనుంచి తల ఆనించి ఎవరో నెడుతున్నారు.

"భయపడకురా. నీ గిట్ట జారితే నాది ఆపుద్ది. నాది జారితే నీది. ఊఁ, అడుగెయ్యి!"

అలా జారుతూ, ఆగుతూ పైకి చేరారు. మేకలు మేతమీద పడ్డాయి. పోతురాజు సింహాద్రి మెడమీది బురదంతా నాకుతూ ఏడ్చేశాడు.

"వానలో ఎందుకొచ్చావు పెదనాన్నా?"

"తారు ఎక్కడ అయిపోద్దో నాకు తెలుసు కదరా."

గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. "అయితే మావా, ఎండరోడ్డుమీద నువ్వు ఊరికే నడువు, ఎత్తు వచ్చినప్పుడు కడదాం. బరువు తగ్గుద్ది."

"బాగా చెప్పావు," అన్నాడు పోతురాజు. "లాగనివాళ్ళ బరువు తగ్గించాలంటే, ముందు నువ్వు దిగు."

అప్పట్నుంచి గవర్రాజు బురదలో నడిచే కొండెక్కుతున్నాడు. పాకలో సింహాద్రి పక్కన పోతురాజు పడుకుంటున్నాడు.

ఎవరు దండగో తేల్చాలంటే ఎండరోడ్డు చాలదు, బురద మలుపు దాకా కలిసి వెళ్ళాలి.